ముఖం మారిన ఆ క్షణం: ఆత్మకథకు యానిమేషన్ ఎందుకు?

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో, ఆ చుట్టుపక్కల అద్దె గది కోసం తిరిగిన మన విద్యార్థులకు ఒక ప్రశ్న బాగా తెలుసు. పేరు, ఊరు, చదువు అన్నీ అయ్యాక ఇంటాయన మెల్లగా అడుగుతాడు: 'మీరేమిట్లు?' అంత తిన్నగా అడగనివాళ్లు ఇంటిపేరు అడుగుతారు, నాన్న ఏం చేస్తాడని అడుగుతారు, ఇంట్లో నాన్‌వెజ్ వండుతారా అని అడుగుతారు. జవాబు విన్న మరుక్షణం ఎదుటి మనిషి ముఖంలో ఒక మార్పు వస్తుంది. 'మా బంధువులు వస్తామన్నారు, మళ్లీ ఫోన్ చేస్తాం' అనే మాట ఆ తర్వాత వస్తుంది. అసలు సంగతి ముఖం ముందే చెప్పేస్తుంది.

ఆ మార్పుకు ఫొటో ఉండదు. గేటు మీద సీసీ కెమెరా ఉన్నా, అందులో ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకోవడం తప్ప ఇంకేమీ కనిపించదు. 'ఆయన ముఖం మారింది సార్' అంటే ఏ పోలీస్ స్టేషన్‌లోనూ రాసుకోరు. కానీ అనుభవించిన మనిషికి అది ఏళ్ల తరబడి గుర్తుంటుంది. కులం ప్రతిసారీ కత్తి పట్టుకుని రాదు. ఎక్కువసార్లు ఇలాంటి క్షణాల్లోనే తన పని చేసుకుపోతుంది. కెమెరాకు చిక్కని ఈ క్షణాలను తెర మీదకు తేవడానికి ఒక దారి ఉంది: తన జీవితాన్ని తానే బొమ్మలుగా గీసి, ఆ బొమ్మలను కదిలించి చెప్పడం. దీన్నే ఆత్మకథా యానిమేషన్ అంటున్నారు. ఇది ఏమిటి, మనకెందుకు, ఎలా చేయాలి అన్నదే ఈ వ్యాసం.

చేతులున్నాయి, కథలెవరివి?

శ్రీనగర్ కాలనీ పేరెత్తడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ వీధివీధికీ సినిమా నిర్మాణ సంస్థల ఆఫీసులు కనిపిస్తాయి. ఒకపక్క కృష్ణానగర్, అక్కడ జూనియర్ ఆర్టిస్టులు, 24 క్రాఫ్ట్స్ కార్మికులు. ఇంకోపక్క అమీర్‌పేట, అక్కడ సాఫ్ట్‌వేర్‌తో పాటు మల్టీమీడియా నేర్పే కోచింగ్ సెంటర్లు. పైకి వెళ్తే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ స్టూడియోలు. 2008లో పోగో చానెల్‌లో మొదలై దేశమంతా పిల్లలను కట్టిపడేసిన 'ఛోటా భీమ్' హైదరాబాద్ సంస్థ గ్రీన్ గోల్డ్ తీసిందే. మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ డిగ్రీ కోర్సు ఉంది.

అంటే బొమ్మను కదిలించే చేతులు ఈ నగరంలో వేలల్లో ఉన్నాయి. అందులో చాలామంది చేసేది 'రోటో' పని. సినిమాలో నటుడి వెనకున్న దృశ్యాన్ని మార్చాలంటే, ముందు ఆ నటుడి ఒంటి అంచును ఫ్రేము తర్వాత ఫ్రేముగా గీసి వేరు చేయాలి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో ఒంటి అంచు గీస్తూ ఉండటమే ఆ ఉద్యోగం. పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి వచ్చి అమీర్‌పేటలో కోర్సు చేసిన పిల్లలు చేరేది ఎక్కువగా ఇలాంటి పనుల్లోనే.

మరి ఈ చేతులు గీస్తున్న కథలు ఎవరివి? పురాణాలవి, రాజులవి, రాజకుమారులవి. బాహుబలి కథ యానిమేషన్ సిరీస్ అయింది. 2025లో 'మహావతార్ నరసింహ' యానిమేషన్ సినిమా తెలుగు రాష్ట్రాల్లోనూ థియేటర్లు నింపింది. మన వాడల్లో పిల్లలకు 'భీమ్' అంటే ముందు గుర్తొచ్చేది లడ్డూ తిని బలం తెచ్చుకునే బొమ్మ. 'జై భీమ్'లోని భీమ్ చిన్నప్పుడు బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నాడన్న సంగతిని బొమ్మగా చూసే అవకాశం వాళ్లకు అరుదు.

కెమెరా ఎప్పుడు వచ్చింది?

మన జీవితాలు తెర మీదకు రాలేదని కాదు. గూడవల్లి రామబ్రహ్మం 1938లోనే 'మాలపిల్ల' తీశారు. ఆ కాలానికి అది పెద్ద సాహసం. కానీ కథ రాసిందీ, తీసిందీ వాడ బయటివాళ్లే. మలయాళంలో తొలి చిత్రం 'విగతకుమారన్'లో నాయికగా నటించిన పి.కె. రోజీ దళిత మహిళ. నాయర్ స్త్రీ పాత్ర వేసిందన్న కోపంతో అగ్రకులస్తులు ఆమెను ఊరు వదిలి పారిపోయేలా చేశారు. ఆ సినిమా ప్రింటు కూడా మిగల్లేదు. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన మొదటి పేజీలో రోజీ బొమ్మ వేసింది. కెమెరా పోగొట్టిన ముఖాన్ని గీత మళ్లీ తెచ్చింది.

మిగతా సందర్భాల్లో కెమెరా మన వాడకు వచ్చింది ఘోరం జరిగిపోయాకే. 1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ ఊళ్ల పేర్లు వింటే కళ్ల ముందు మెదిలేవి శవాలు, ఏడుస్తున్న తల్లులు, శిబిరాలు. ఆ ఫొటోలు అవసరమే. అవి లేకపోతే ఉద్యమం లేదు, కేసు లేదు. అయితే చనిపోయినవాళ్లు బతికుండగా ఎలా నవ్వేవాళ్లు, ఏ ఆట ఆడేవాళ్లు, పొలంలో ఏ పాట పాడేవాళ్లు అన్నదానికి బొమ్మ లేదు. మన శవానికి ఫొటో ఉంది, జీవితానికి లేదు.

ఎదుటివాళ్లు గీసిన బొమ్మలో మనం ఎలా ఉంటామో చూడాలంటే ఉన్నమటి శ్యామసుందర్ పుస్తకం చూడాలి. 1932 నుంచి 1948 వరకు పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లను ఈ తెలుగు పరిశోధకుడు వెతికి పట్టుకుని 'నో లాఫింగ్ మ్యాటర్' పేరుతో 2019లో తెచ్చారు. ఆయన స్వయంగా కార్టూనిస్టు కూడా. అంత చదువుకున్న, అంత ఎదిగిన నాయకుడిని పేరున్న కార్టూనిస్టులు చిన్నపిల్లాడిలా, మొండివాడిలా, నవ్వులపాలయ్యే మనిషిలా ఎలా గీశారో అందులో వరసగా కనిపిస్తుంది. కుంచె ఎవరి చేతిలో ఉంటే ఎదుటి మనిషి ఎత్తును వాళ్లే నిర్ణయిస్తారు.

ఆత్మకథా యానిమేషన్ అంటే

గత ఇరవై ఏళ్లలో ఈ పద్ధతిలో వచ్చిన మూడు సినిమాలు విద్యార్థులు తప్పక చూడాలి.

మొదటిది 'పెర్సెపోలిస్', 2007. ఇరాన్‌లో పుట్టిన మర్జానె సత్రపి తన బాల్యాన్ని, 1979 విప్లవాన్ని, పరాయి దేశంలో ఒంటరితనాన్ని ముందు బొమ్మల పుస్తకంగా గీశారు. తర్వాత వాన్సాన్ పారోనోతో కలిసి సినిమా తీశారు. ఎక్కువ భాగం నలుపు తెలుపే, గీతలు చాలా సాదా. నటులతో తీసి ఉంటే ఎక్కడో దూరాన ఉన్న 'వాళ్ల' కథలా అనిపించేదని, గీసిన బొమ్మలైతే చూసేవాళ్లు తమను అందులో చూసుకుంటారని ఆమె ఆలోచన.

రెండోది 'వాల్ట్జ్ విత్ బషీర్', 2008. ఆరి ఫోల్మన్ ఇజ్రాయెల్ సైనికుడిగా 1982 లెబనాన్ యుద్ధంలో ఉన్నాడు. కానీ అప్పుడు జరిగినవి అతనికి గుర్తులేవు. తోటి సైనికులను కలిసి అడుగుతూ, మరిచిపోయినదాన్ని బొమ్మల్లో తవ్వుకుంటూ పోతాడు. చివర్లో బొమ్మలు ఆగిపోయి, సబ్రా, షతీలా శిబిరాల ఊచకోత తర్వాతి అసలు వీడియో వస్తుంది. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. తెరకెక్కింది సైనికుడి జ్ఞాపకం. చనిపోయిన పాలస్తీనీయుల జ్ఞాపకం కాదు. ఆత్మకథ అనగానే అది అణగారినవాళ్ల పక్షం అయిపోదు.

మూడోది 'ఫ్లీ', 2021. అఫ్గానిస్తాన్ నుంచి చిన్నప్పుడు పారిపోయి డెన్మార్క్ చేరిన ఒకతను, ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పని తన కథను స్నేహితుడైన దర్శకుడికి చెబుతాడు. సినిమాలో అతని పేరు అమీన్, అది అసలు పేరు కాదు. ముఖం గీసింది, అదీ అసలు ముఖం కాదు. గొంతు మాత్రం అతనిదే. తన కుటుంబం గురించి, తాను స్వలింగ ప్రేమికుడినన్న సంగతి గురించి దాచి దాచి బతికిన మనిషి, ముఖం దాచుకున్నాకే నిజం చెప్పగలిగాడు. ఆస్కార్‌కు ఈ సినిమా డాక్యుమెంటరీ, యానిమేషన్, అంతర్జాతీయ చిత్రం మూడు విభాగాల్లోనూ నామినేట్ అయింది.

కులం దాచుకుని హాస్టల్లోనో ఆఫీసులోనో నెట్టుకొస్తున్నవాళ్లకు 'ఫ్లీ' విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంటిపేరు మింగేయడం, ఊళ్లో ఇల్లు ఎటువైపో చెప్పకపోవడం, ఇంటి నుంచి వచ్చిన కూర ఏమిటో చెప్పకపోవడం మనకు తెలిసినవే. కెమెరా ముందు కూర్చుని ఇదంతా చెబితే రేపు ఉద్యోగం ఏమవుతుందో, చెల్లెలి పెళ్లి ఏమవుతుందో అన్న భయం ఉత్తది కాదు. ముఖం చూపకుండా నిజం చెప్పే వీలు యానిమేషన్‌లో ఉంది.

మనకు కొత్తేమీ కాదు

వరస బొమ్మలతో 'మేమెవరం' అని చెప్పుకోవడం పరాయి దేశాల నుంచి రావాల్సిన పని లేదు. తెలంగాణలో డక్కలివాళ్లు మాదిగ వాడలకు వచ్చి జాంబపురాణం చెబుతారు. వాళ్ల చేతిలో ఒక పటం ఉంటుంది. బట్ట మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పూసి, ఎర్రటి నేపథ్యం మీద చేర్యాల నకాషీ చిత్రకారులు గీసే పొడవాటి బొమ్మల చుట్ట అది. చుట్ట విప్పుతూ, ఒక్కో బొమ్మను చూపుతూ, పాడుతూ కథ నడుపుతారు. ఒక బొమ్మ వెళ్లి ఇంకో బొమ్మ వస్తుంది. గొంతు ఆ రెంటినీ కలుపుతుంది. యానిమేషన్ చేసేది కూడా ఇదే.

ఆ కథలో ఏముంది? భూమి కంటే ముందే పుట్టిన ఆది జాంబవుడు ఉన్నాడు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని బ్రాహ్మణుడితో వాదించి నిలిచే జాంబవుడు ఉన్నాడు. ఊరు 'నువ్వు కిందివాడివి' అంటుంటే, వాడ నడుమ పటం కట్టి 'మేమే మొదటివాళ్లం' అని చెప్పుకున్న జాతి మనది. బొమ్మ గీసింది నకాషీ చిత్రకారులైనా, ఏం గీయాలో చెప్పిందీ, పటం తమదిగా ఉంచుకున్నదీ, కథ పాడిందీ డక్కలివాళ్లు. ఎవరితోనైనా కలిసి సినిమా చేసేటప్పుడు పెట్టుకోవాల్సిన షరతు కూడా ఇదే: గీత ఎవరిదైనా సరే, కథ మీద చివరి మాట మనది కావాలి.

అంబేద్కర్ చూసిన ముఖం

అంబేద్కర్ తన అనుభవాలను 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న రచనలో రాసుకున్నారు. 1901లో, తొమ్మిదేళ్ల వయసులో, అన్నతోనూ అక్క పిల్లలతోనూ కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి రైలెక్కారు. మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలను చూసి స్టేషన్ మాస్టర్ దయగా పలకరించాడు. మీరెవరని అడిగాడు. మహార్లమని పిల్లాడు చెప్పేశాడు. ఆ మాటతో ఆయన ముఖం మారిపోయింది. తర్వాత రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాళ్లు రాలేదు. చివరికి ఒకతను ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలన్న షరతు మీద. రాత్రంతా తాగడానికి నీళ్లు దొరకలేదు.

నూట ఇరవై ఏళ్ల కిందటి ఆ స్టేషన్ మాస్టర్ ముఖమూ, ఇవాళ గేటు దగ్గర ఇంటాయన ముఖమూ ఒకటే. మధ్యలో రాజ్యాంగం వచ్చింది, 1989 అట్రాసిటీ చట్టం వచ్చింది. ఆ ముఖం మాత్రం మారుతూనే ఉంది.

ఈ అనుభవాలనే 2011లో నవయాన ప్రచురణ సంస్థ 'భీమాయన' అనే బొమ్మల పుస్తకంగా తెచ్చింది. శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ రాశారు. పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు. మామూలు కామిక్స్‌లో ఉండే గళ్లను వాళ్లు వద్దన్నారు. మనుషులను డబ్బాల్లో పెట్టి బిగించలేమన్నారు. విషం కక్కే మాటకు తేలు కొండి తగిలించారు. మెత్తని మాటను పక్షి ఆకారంలో పెట్టారు. రైలు పాములా సాగుతుంది. ఇది కదిలే బొమ్మ కాదు, అచ్చు పుస్తకమే. అయినా యానిమేషన్ చేయాలనుకునేవాళ్లకు ఇదొక పెద్దబాలశిక్ష. బయటికి ఎలా కనిపించిందో గీయడంతో ఆగక, లోపల ఎలా తగిలిందో గీయవచ్చని ఇది నేర్పుతుంది.

నువ్వెవరో ఎవరు చెప్పాలి?

అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు హైదరాబాద్‌లో రోహిత్ వేములను దాటిపోలేం. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలివేసిన విద్యార్థులు యూనివర్సిటీలో 'వెలివాడ' కట్టుకున్నారు. అంబేద్కర్ పటం పట్టుకుని నడుస్తున్న రోహిత్ ఫొటో, ఆయన మరణం తర్వాత దేశమంతా విద్యార్థుల చేతుల్లో గీతగా, గోడ బొమ్మగా, పోస్టర్‌గా మారింది. ఆ తర్వాత ఏం జరిగింది? చర్చంతా ఆయన కులం ఏమిటన్న దాని మీదకు మళ్లింది. తాను మాల కుటుంబంలో పుట్టి వేరే కులం ఇంట పెరిగానని తల్లి రాధిక చెబుతూనే ఉన్నారు. 2024 మేలో బయటికొచ్చిన పోలీసుల ముగింపు నివేదిక మాత్రం రోహిత్ ఎస్సీ కాదంది. నిరసనలు వచ్చాక మళ్లీ విచారిస్తామని పోలీసు శాఖ ప్రకటించింది.

ఒక మనిషి ఎవరన్నది కాగితాలు, కమిటీలు తేల్చేచోట 'నేను ఇలా పుట్టాను, ఇలా పెరిగాను' అని తన నోటితో చెప్పుకోవడం సరదా కోసం చేసే పని కాదు. ఆత్మకథలు అందుకే వచ్చాయి. వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య', సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' అందుకే అంతమందిని చేరాయి. పిల్లల కోసం అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు కథలు బొమ్మలతో వచ్చాయి. చదివే పుస్తకం ఉంది, చూసే బొమ్మ ఉంది. ఇక కదిలించడమే మిగిలింది.

రెండు నిమిషాల సినిమా ఎలా?

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు. ఆ లెక్కన రెండు నిమిషాలకు 1,440 బొమ్మలు. భయపడాల్సిన పని లేదు. నేపథ్యం అలాగే ఉంచి చేయో, కన్నో మాత్రమే కదిలిస్తే బొమ్మల సంఖ్య బాగా తగ్గిపోతుంది.

మొదట ఒకే ఒక్క క్షణం ఎంచుకోండి. మొత్తం జీవితం వద్దు. గది కోసం గేటు దగ్గర నిలబడ్డ క్షణం అనుకుందాం. ముందు గొంతు రికార్డు చేయండి. తలుపులు మూసిన గదిలో ఫోన్ చాలు. ఇంట్లో మాట్లాడే యాసలోనే చెప్పండి. గొంతు వల్ల గుర్తుపడతారనుకుంటే స్నేహితులతో చదివించండి. తర్వాత ఇరవై చిన్న గళ్లలో కథను గీసుకోండి. గొంతు మీద ఆ ఇరవై బొమ్మలను పేర్చి చూస్తే సినిమా ఎక్కడ సాగుతోందో, ఎక్కడ ఆగుతోందో తెలిసిపోతుంది.

ఇక ఆ ముఖం. ఒక సెకను, పన్నెండు బొమ్మలు. పెదాల మీద నవ్వు అలాగే ఉంటుంది, కళ్లలోంచి పోతుంది. గేటు మీదున్న చెయ్యి గడియ వైపు జరుగుతుంది. ఇది బయటికి కనిపించింది. లోపల తగిలింది చూపాలంటే గేటు ఊచలు పొడుగవుతూ పోవచ్చు, చేతిలో బ్యాగు బరువెక్కి భూమిలోకి దిగిపోవచ్చు. నటులతో తీస్తే లక్షలయ్యే ఈ దృశ్యానికి ఇక్కడ పెన్సిల్ చాలు.

ముఖాన్ని సులువుగా గీయండి, స్థలాన్ని మాత్రం కచ్చితంగా గీయండి. సాదా గీతల ముఖంలో చూసేవాడు తనను చూసుకుంటాడని కామిక్స్ మీద రాసిన స్కాట్ మెక్‌క్లౌడ్ చెప్పాడు. నిజమే. అయితే స్థలం కూడా సాదా చేసేస్తే అది 'ఏదో ఒక బాధ' అయిపోతుంది, కులం జారిపోతుంది. టులెట్ బోర్డు, దాని కింద 'ఓన్లీ వెజిటేరియన్స్' అన్న రాత, వాడ చివరి బోరింగు, బాప్టిస్టు చర్చి గంట, ఇంట్లో గోడ మీద బాబాసాహెబ్ పటం ఉండాల్సినచోట ఉండాలి. రంగు కూడా అంతే. రంగుల డబ్బాలో లేత గులాబీ పెన్సిల్‌ను పిల్లలు 'స్కిన్ కలర్' అంటారు. అది ఎవరి స్కిన్ అని అడగడంతోనే మన సినిమా మొదలవుతుంది.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అక్కర్లేదు. క్రిటా, ఓపెన్‌టూంజ్, బ్లెండర్ మూడూ ఉచితం. 2025లో ఆస్కార్ గెలిచిన లాత్వియా యానిమేషన్ చిత్రం 'ఫ్లో'ను చిన్న బృందం బ్లెండర్‌లోనే చేసింది. గీయడం రానివాళ్లు ఫోన్‌తో తీసుకున్న తమ వీడియో మీదే గీతలు గీయవచ్చు. దీనికి మాక్స్ ఫ్లీషర్ 1917లో పేటెంట్ పొందాడు. స్టూడియోల్లో మన పిల్లలు జీతానికి చేస్తున్న రోటో పనికి పుట్టిల్లు అదే. ఆ నైపుణ్యాన్నే ఒక ఆదివారం సొంత అమ్మ నడక మీద వాడవచ్చు.

జాగ్రత్తలు

అమ్మ కథ అమ్మది కూడా. ఆమెకు చూపించి, ఒప్పుకున్నాకే బయట పెట్టండి. లైంగిక హింసకు గురైనవాళ్ల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్ ఉంది. ముఖం గీసిందే అయినా ఊరు, బడి, ఇంటి గుర్తులతో మనిషి తెలిసిపోతే తప్పు తప్పే. కేసు నడుస్తుంటే ముందు లాయర్‌ను అడగండి. గీసిన బొమ్మ కోర్టులో సాక్ష్యం కాదు. తేదీ, స్థలం, మాటలు కాగితం మీద విడిగా రాసి పెట్టుకోండి.

ఏఐతో బొమ్మలు గీయించే ముందు ఆలోచించండి. అది ఇప్పటికే ఉన్న బొమ్మల నుంచి నేర్చుకుంటుంది. మనల్ని ఎలా గీస్తూ వచ్చారో పైన చూశాం.

అన్నిటికంటే ముఖ్యం, బాధ ఒక్కటే గీయకండి. జాలి పడి మరిచిపోవడం ఎదుటివాళ్లకు చాలా తేలిక. డప్పు కాగబెట్టే మంట చుట్టూ నవ్వులు, పండగనాటి కూర, మొదటి స్కాలర్‌షిప్‌తో కొన్న చెప్పులు కూడా మన ఆత్మకథే. పక్కనున్న మనిషి మనతో కలిసేది చాలాసార్లు అక్కడే.

ఏప్రిల్ 14న ప్రతి హాస్టల్లోనూ సభ జరుగుతుంది. ఉపన్యాసాలు ఉంటాయి, పాటలుంటాయి. ఈసారి పదిమంది విద్యార్థులు తలా రెండు నిమిషాలు గీస్తే ఇరవై నిమిషాల సినిమా అవుతుంది. ప్రొజెక్టర్ లేకపోతే తెల్ల దుప్పటి, ఒక లాప్‌టాప్ పెట్టుకుని పదిమంది దగ్గరగా కూర్చున్నా చాలు. పటం విప్పిన రోజుల్లో వాడ కూర్చున్నదీ అలాగే.